ఆదివారం ఏం చదవాలో ఎవరు చెప్పాలి?

ఎడిటరు: వారమంతా పనిలో మునిగిన మనిషికి ఆదివారం పొద్దున రెండు గంటలు చిక్కుతాయి. ఆ రెండు గంటలకు సరిపడా ఒక భక్తి వ్యాసం, ఒక కవిత, ఒక ఊరి జాతర కథ, వారంలో జరిగిన పెద్ద సంఘటన మీద నిదానంగా రాసిన వ్యాసం ఏరి, పక్కపక్కన పెట్టి ఇవ్వడం పత్రిక బాధ్యత అని నా నమ్మకం. తెలుగువాళ్లకు పత్రిక చదవడం అలవాటైందే అలా. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గారు పెట్టిన గోలకొండ పత్రిక, వీటిలో రాజకీయమూ పద్యమూ మత చర్చా సంఘ సంస్కరణా ఒకే కాగితం మీద ఉండేవి. దేవుడికొక పేజీ, దేశానికొక పేజీ అని పాఠకుణ్ణి రెండుగా కోయలేదు.

టీచరు: ఎడిటరు గారూ, ఆ పత్రికలంటే నాకూ గౌరవమే. కానీ అవి చేరిన ఇళ్లు ఎలాంటివో చూడండి. పత్రిక రాకముందే ఆ ఇంట్లో భారతమో భాగవతమో బైబిలో ఉండేది. సాయంత్రం ఒకరు చదివితే నలుగురు వినేవాళ్లు. చదువు రాని ఇళ్లకు హరికథ, బుర్రకథ, యక్షగానం ఉండేవి. అవీ గంటల తరబడి సాగేవే. పత్రిక ఆ పెద్ద చదువుకు తోడుగా వచ్చింది. ఇవాళ పెద్ద చదువు పోయింది, తోడు వచ్చినదే మిగిలింది. ఉన్న రెండు గంటలనూ మీరు నాలుగు ముక్కలు చేస్తే ఏ ముక్కా లోపలికి దిగదు. ఆ రెండు గంటలూ ఒక్క పుస్తకానికి ఇవ్వమంటాను నేను. వార్తలకు తక్కిన ఆరు రోజులున్నాయి.

ఎడిటరు: ఒక్క పుస్తకం అనడం తేలికే. ఏ పుస్తకం అన్నది ఆ మనిషికి ఎలా తెలియాలి? మీ క్లాసులో కూర్చున్నంతకాలం మీరు చెబుతారు. బడి వదిలాక ఎవరు చెబుతారు? కువైట్‌లో ఎవరి ఇంట్లోనో పనిచేస్తూ సెలవు పూట ఫోన్ తెరిచే కడప జిల్లా తల్లి ఉంది. హైదరాబాదులో సెక్యూరిటీ డ్యూటీ చేసి వచ్చి పేపరు పట్టుకునే శ్రీకాకుళం మనిషి ఉన్నాడు. వాళ్లకు లైబ్రరీ దగ్గర్లో లేదు, పుస్తకాల షాపు అంతకన్నా లేదు. వాళ్ల దాకా వెళ్లేది ఈ పేజీ ఒక్కటే. అందులో ఒక మంచి కవిత, వాళ్లకు పరిచయం లేని ఒక మతం గురించి నాలుగు మంచి మాటలు, తమ జీతాన్నీ ఊరినీ తాకే ఒక వార్త వెనక ఉన్న కథ ఉంటే ఆ చదువును తక్కువ చేయకండి టీచరు గారూ.

టీచరు: వాళ్లను తక్కువ చేయను. వాళ్లకు ముక్కలు చాలులే అనుకోవడమే తక్కువ చేయడం అంటాను. పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షం సంగతి చెబుతాను. మన భక్తి పేజీలలో ఏటా ఎన్నోసార్లు కనపడేది అందులోని రెండు మూడు పద్యాలే. ఏనుగు తన బలమంతా పోయిందని చెప్పుకుని శరణు కోరే పద్యం, విష్ణువు లక్ష్మికైనా చెప్పకుండా పరుగెత్తుకొచ్చే పద్యం. చదివినవాళ్లకు భగవంతుడు పిలిస్తే పలుకుతాడన్న ధైర్యం కలుగుతుంది. మంచిదే. కానీ అష్టమ స్కంధంలో ఆ ఘట్టాన్ని మొదటినుంచీ చదివితే కనపడేది వేరు. ఆ ఏనుగు మందతో కలిసి దప్పిక తీర్చుకోవడానికి మడుగులో దిగుతుంది. మొసలి పట్టుకున్నాక వెయ్యేళ్లు పోరాడుతుంది. నీళ్లలో మొసలికి బలం పెరుగుతూ ఉంటుంది, ఏనుగుకు తరుగుతూ ఉంటుంది. అప్పుడు ప్రార్థన మొదలవుతుంది. ఈ లోకం ఎవరినుంచి పుట్టి ఎవరిలో లీనమవుతుందో ఆయనను పిలుస్తాను అంటుంది. అంతలోనే అనుమానం వస్తుంది. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అసలు ఉన్నాడా లేడా అని అడుగుతుంది. ఆ అనుమానం దాటాక వచ్చింది కాబట్టే ఆ శరణాగతికి అంత బరువు. పోతన భక్తి మధ్యలో సందేహాన్ని నిలబెట్టాడు. రెండు పద్యాలు ఏరిన పేజీలో ఆ సందేహానికి చోటు ఉండదు.

ఎడిటరు: చక్కగా చెప్పారు. దీనికి నేను ఎదురు చెప్పను, ఒక్క మాట కలుపుతాను. ఆ ఘట్టం మొత్తం చదివేవాళ్లు అక్కడికి ఎలా వచ్చారు? చాలామంది ఎప్పుడో చిన్నప్పుడు విన్న ఒక్క పద్యం పట్టుకుని వచ్చినవాళ్లే. అమ్మమ్మ అన్నం పెడుతూ చెప్పిన పద్యమూ ఏరినదే కదా. ఆవిడ ఎనిమిదో స్కంధం మొత్తం చెప్పలేదు. భాగవతం తెలుగు ఇళ్లలో ఇన్ని వందల ఏళ్లు బతికిందంటే పుస్తకం మొత్తం చదివినవాళ్ల వల్ల కొంత, ఒకటి రెండు పద్యాలు నోటికొచ్చినవాళ్ల వల్ల చాలా ఎక్కువ.

టీచరు: ఒప్పుకుంటాను. కానీ అమ్మమ్మ తన మనవడిని చూసి ఏరింది. వాడు ఏడుస్తున్నాడా, భయపడుతున్నాడా, అన్నం తిననంటున్నాడా ఆవిడకు తెలుసు. మర్నాడు వాడు ఆ మొసలి ఏమైందని అడిగితే చెప్పడానికి ఇంట్లోనే ఉంది. మీ పేజీ లక్షల మందికి ఒకేసారి ఏరుతుంది, ఒక్కరి మొహమూ చూడదు. అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడ ఉండడు.

ఎడిటరు: జవాబు చెప్పే మనిషి ఉండొచ్చు, ఉన్న రోజులు చూశాం. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ గారు పురాణాలు చెప్పి ఊరుకోలేదు, శ్రోతలు ఉత్తరాలు రాసి అడిగిన ధర్మసందేహాలకు జవాబులూ చెప్పారు. అది లక్షల మంది విన్నదే, ఎవరో ఏర్పాటు చేసి ఇచ్చినదే.

టీచరు: ఉషశ్రీ గారిని మీరే తెచ్చారు కాబట్టి అడుగుతాను. ఆదివారం మధ్యాహ్నం ఆయన గొంతు కోసం రేడియో చుట్టూ కూర్చున్న జనానికి ఆయన ఇచ్చింది ఏమిటి? రామాయణం, భారతం. వారం వారం, నెలల తరబడి, పోయినవారం ఆపిన చోటునుంచి ఈ వారం. ఓపిక లేదు, టైము లేదు, పొడుగ్గా ఉంటే జనం వినరు అని మీ పేజీలు పాఠకుల గురించి అనుకునేవన్నీ ఆ ఆదివారాలు తప్పని చూపించాయి. రైతులు విన్నారు, ఇల్లాళ్లు విన్నారు. ఒక్క పెద్ద కథను చివరిదాకా పట్టుకునే శక్తి మామూలు జనానికి ఉందని నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఎడిటరు: ధారావాహికగా పెద్ద రచన ఇవ్వాలన్నది మీరు గెలిచిన మాట. అది మా పేజీలకు తిరిగి రావాలి. ఇక రెండో వైపు చూడండి. మేం ఏరడం మానేస్తే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. ఫోన్ ఏరుతుంది. ఎవరో రాసిన నాలుగు పాదాల కింద మకుటం తగిలించి వేమన పద్యం అని పంపుతారు. ఎక్కడా లేని శ్లోకాన్ని ఉపనిషత్తులో ఉందంటారు. పక్క మతంవాళ్లు ఎప్పుడూ అనని మాటను వాళ్ల గ్రంథంలో ఉందని చెప్పి కోపం రేపుతారు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటు ఇంత విషం వస్తుంటే, పేరు పెట్టి బాధ్యత తీసుకుని ఏరే మనిషి ఒకడుండాలా వద్దా?

టీచరు: ఉండాలి. అబద్ధాన్ని అబద్ధమని చెప్పే మనిషి తప్పకుండా ఉండాలి. కానీ బాధ్యతతో ఏరినా ఏరడంలో ఒక ప్రమాదం ఉంది. వేమననే చూడండి. సి.పి. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసిన సంపుటిలో 693 పద్యాలున్నాయి, 1839 నాటికి అవి 1,164 అయ్యాయి. అందులోంచి మన వాచకాలు, మన పేజీలు ఏరుకున్నవి కొన్ని పదులు. ఉప్పూ కర్పూరమూ, మంచివాడి లక్షణమూ చెడ్డవాడి లక్షణమూ చెప్పేవి. కులాన్ని నిలదీసినవి, రాతికి మొక్కడాన్ని కడిగేసినవి, యోగం చెప్పినవి పక్కకు పోయాయి. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. పిల్లలకు ఏవి మంచివో, పండుగ పూట ఏవి బాగుంటాయో అని మర్యాదగా ఏరారు. ఆ మర్యాదే వేమనను ఒక మంచి తాతయ్యగా మార్చింది. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఉపన్యాసాలలో ఆయనను మొత్తంగా ముందు పెట్టుకుని, మెచ్చుకోవలసినచోట మెచ్చుకుంటూ, విమర్శించవలసినచోట విమర్శిస్తూ మాట్లాడారు. ఆ పని ఏరినవాళ్లు చేయలేరు, మొత్తం చదివినవాళ్లే చేయగలరు.

ఎడిటరు: బ్రౌన్ చేసిందీ ఏరడమే టీచరు గారూ. తాళపత్రాలలో పడున్న వేల పద్యాల్లోంచి ఆయన ఏరి అచ్చువేశాడు కాబట్టే రాళ్లపల్లి వారి ముందు వేమన ఉన్నాడు. ఇంకో ఉదాహరణ చెబుతాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే లేనే లేరని, ఒక పండితుడు రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఎలా జవాబు చెప్పారు? పత్రిక ద్వారా కబురు పెట్టి ఊరూరి కవుల పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఏర్చికూర్చడం ఎంత పెద్ద పనో అందులో ఉంది. ఎవరి ఇంట్లో వాళ్లు ఒక్క పుస్తకం లోతుగా చదువుకుంటూ కూర్చుంటే ఆ 354 మంది ఉన్నారని లోకానికి తెలిసేది కాదు.

టీచరు: ఆ సంచికకు చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆయన పద్ధతి చూడండి. ఎవరు గొప్పవాళ్లో తాను తేల్చి పదిమందిని చూపించలేదు. తలుపు తెరిచి అందరినీ రానిచ్చారు. ఇప్పటి వారాంతపు జాబితా దానికి ఎదురు పని చేస్తుంది. లోకంలో ఉన్నదాన్ని అయిదుకు కుదించి, ఈ వారానికి ఇవి చాలు అంటుంది. సంచిక చదివినవాడికి ఇంకా ఎంతమంది ఉన్నారో అన్న ఆకలి పుడుతుంది. జాబితా చదివినవాడికి ఈ వారం చదువు అయిపోయిందన్న తృప్తి పుడుతుంది. నా భయం ఆ తృప్తి గురించే.

ఎడిటరు: ఆ తృప్తి ప్రమాదమే, నేనూ చూశాను. కానీ ఆకలి పుట్టించే జాబితా కూడా ఉంటుంది. మతం విషయంలో అది మరీ అవసరం. మన ఊళ్లలో ప్రతి ఇంటికీ తమ దేవుడి పుస్తకం తెలుసు, పక్కింటి దేవుడి పుస్తకం తెలియదు. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన క్రైస్తవ కీర్తనలు ఇప్పటికీ చర్చిలలో పాడుతున్నారని ఎంతమంది హిందువులకు తెలుసు? పిఠాపురంలో ఒక ఆధ్యాత్మిక పీఠానికి అధిపతిగా ఉంటూ పద్యాలూ నాటకాలూ రాసిన ఉమర్ ఆలీషా గారి పేరు ఎంతమంది విన్నారు? ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చిన తొలి మనుషుల్లో చిలుకూరి నారాయణరావు గారు ఉన్నారని ఎవరు చెబుతారు? ఇవి మనిషి తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లే పుస్తకాలు కావు. ఎవరో ఒకరు చేతిలో పెట్టాలి. మీరు చెప్పే ఒక్క పుస్తకం చదువులో మనిషి తన గుమ్మం దాటడు.

టీచరు: ఈ మాట దగ్గర నేను ఆగి ఆలోచించాలి. గుమ్మం దాటించే చదువు అవసరం, కాదనలేను. నాకు నచ్చిన పుస్తకమే మళ్లీ మళ్లీ చదువుకుంటే అది నా ఇంటి చుట్టూ గోడ కట్టే ప్రమాదం ఉంది. కానీ మీ పేజీలు ఆ గుమ్మం నిజంగా దాటిస్తున్నాయా? రంజానుకు ఒక వ్యాసం, క్రిస్మస్‌కు ఒక వ్యాసం, బుద్ధపూర్ణిమకు ఒక వ్యాసం. మిగతా ఏడాదంతా ఒకే మతం వ్రతకథలు. ఆ పండుగ వ్యాసమైనా ఎలా ఉంటుంది? అన్ని మతాలూ ప్రేమే చెబుతాయి, సోదరభావమే చెబుతాయి. శుభాకాంక్షల కార్డు మీద రాసే మాటలు. మత సాహిత్యం తనలో తాను ఎంత పోట్లాడుకుందో అందులో ఉండదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం తీయండి. అందులో భక్తులు రకరకాల పనులు చేసుకునేవాళ్లు. దేవుడితో మొహమాటం లేకుండా మాట్లాడతారు, నిష్ఠూరమాడతారు, పంతం పడతారు. కావ్యమంటే ఎలా ఉండాలన్న అప్పటి పండితుల లెక్కను పక్కన పెట్టి, ఆయన జనం నోట ఉన్న తెలుగులో ద్విపద రాశాడు. ఆ వేడి మీ పేజీలో ఎప్పుడైనా కనపడిందా?

ఎడిటరు: కనపడలేదు. పండుగకొక్కసారి పలకరించడం చదువు కాదన్న మీ మాట మొత్తం ఒప్పుకుంటున్నాను. కానీ దానికి మందు ఏమిటి? ఆ పేజీ తీసేయడమా? నేను అంటున్నది భక్తి పక్కన కవిత్వాన్ని, కవిత్వం పక్కన వర్తమానాన్ని పెట్టమని. అవి ఒకదాన్నొకటి నిలదీయాలి. జాషువా గబ్బిలం చూడండి. 1941లో వచ్చిన ఆ కావ్యంలో ఒక దళితుడు కాశీ విశ్వేశ్వరుడికి తన బాధ చెప్పుకోవాలనుకుంటాడు. గుడిలోకి వెళ్లనివ్వరు. మేఘసందేశంలోలా మేఘాన్ని పంపడానికి అతడు యక్షుడు కాడు. ఇంట్లోకి వచ్చిన గబ్బిలాన్ని అడుగుతాడు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు, గర్భగుడి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవికి దగ్గరగా ఉంటుంది. పూజారి లేని సమయం చూసి చెప్పమంటాడు. అది భక్తా? భక్తే, అతడు దేవుణ్ణి వదల్లేదు. కవిత్వమా? మేఘసందేశం తెలిసినవాడు రాసిన పద్యాలు. సంస్కృతా? దారి పొడుగునా ఊళ్లూ క్షేత్రాలూ చరిత్రా ఉన్నాయి. వర్తమానమా? ఆ రోజు గుడి తలుపు దగ్గర జరుగుతున్నదే అది. ఇంకా చూడండి, గబ్బిలం రాసిన చేయే క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. ఈ నాలుగింటినీ విడదీయమని మీరంటే జాషువాను ఏ అరలో పెడతారు?

టీచరు: జాషువాను ఏ అరలోనూ పెట్టను, చేతిలో పెట్టుకుంటాను. మీరు చెప్పినవన్నీ ఆ కావ్యంలో ఉన్నాయి, నిజం. కానీ అవి ఒకటైన చోటు ఏది? వినుకొండలో పుట్టిన ఆ మనిషి అనుభవంలో ఒకటయ్యాయి. పద్యంలో ఒకటయ్యాయి. పేజీలో నాలుగు కాలమ్‌లు పక్కపక్కన పెట్టినంత మాత్రాన అవి ఒకటి కావు. పాఠకుడు భక్తి చదివి కన్ను పక్కకు తిప్పి వార్త చదువుతాడు, ఒకటి రెండోదాన్ని తాకదు. తాకాలంటే అవి అతని లోపల కలవాలి. దానికి కావలసింది ఒక్కదానితో ఎక్కువసేపు కూర్చోవడం. మీ ఉదాహరణే నా మాట చెబుతోంది. గబ్బిలం మొత్తం చదవమనండి, ఆదివారమంతా ఇవ్వమనండి, నాకు గొడవే లేదు.

ఎడిటరు: సరే, ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఆదివారం గురించి మాట్లాడదాం. 1985 జులైలో కారంచేడు. 1991 ఆగస్టులో చుండూరు. రెండు చోట్లా దళితులను చంపారు. 1992 డిసెంబరులో అయోధ్యలో మసీదు కూల్చారు. అలాంటి వారం గడిచాక వచ్చే ఆదివారం మీ పాఠకుడు తన ఒక్క పుస్తకం తీసి, పోయినవారం ఆపిన చోటునుంచి చదువుకోవాలా? భక్తి పేజీలో కార్తీక మాహాత్మ్యం యథాప్రకారం రావాలా? దేవుడి పేరు మీదా కులం పేరు మీదా రక్తం పారిన వారంలో దేవుడి గురించి రాసే పేజీ దాన్ని ఎరగనట్టు ఉంటే, అది భక్తి కాదు, మొహం తిప్పుకోవడం.

టీచరు: ఆ వారం పత్రిక మొహం తిప్పుకోకూడదు. వార్త రాయాలి, గట్టిగా రాయాలి, సంపాదకీయం రాయాలి. కానీ కవిత్వాన్ని తొందరపెట్టకండి. కారంచేడు జరిగిన పదేళ్లకు, 1995లో చిక్కనవుతున్న పాట అనే దళిత కవితల సంకలనం వచ్చింది. ఆ పదేళ్లలో ఎంతో మంది ఆ బాధను తమ మాటగా మార్చుకున్నారు. ఇంకో సంగతి. ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991లో వచ్చింది, అయోధ్యకు ముందు. చరిత్ర తన మీద వేసిన నింద గురించి ఒక ముస్లిం మాట్లాడిన కవిత అది. వార్త రాకముందే కవికి తెలిసింది. కవిత్వం వార్తల వెనక నడవదు. ఈ వారం సంఘటనకు సరిపోతుందని ఒక కవితను వెతికి పెడితే, ఆ సంఘటన పాతబడగానే కవితా పాతబడినట్టు కనపడుతుంది. భక్తికీ అంతే. ఏ వారం ఏ శ్లోకం ఎవరికి వాతగా పెట్టవచ్చా అని గ్రంథాలు తిరగేయడం మొదలైతే, ఆ పని మీకంటే బాగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతికి మీరే దారి చూపించినట్టవుతుంది.

ఎడిటరు: ఆ చివరి మాట నన్ను భయపెడుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ పుట్టుమచ్చ గురించి మీరు చెప్పిందే నా వైపు నిలబడుతుంది. ఆ కవిత అచ్చయి ఉంది. 1992 డిసెంబరు నాటికి అది సాహిత్యం చదివేవాళ్ల మధ్య ఉంది, పేపరు చదివేవాళ్ల దగ్గర లేదు. ఆ వార్త పక్కన ఆ కవిత ఉండి ఉంటే కొందరికైనా పక్కింటి మనిషి గొంతు వినపడేది. కవి ముందే చెప్పాడన్న గౌరవం కవికి చాలు, ఊరికి చాలదు. శ్రీశ్రీ సంగతి చూడండి. మహాప్రస్థానం కవితలు చాలావరకు 1930ల నాటివి, పుస్తకం వచ్చింది 1950లో. మధ్యలో అవి జనంలోకి వెళ్లింది పత్రికల వల్ల, సభల వల్ల, చేతిరాత కాపీల వల్ల. పుస్తకం వచ్చేదాకా ఆగి లోతుగా చదువుకోండి అని ఉంటే ఒక తరం శ్రీశ్రీ లేకుండానే పెరిగేది.

టీచరు: పత్రికలు కొత్త కవితను మొత్తంగా అచ్చువేయడం వేరు. దానికి నేను ఎప్పుడూ అడ్డు కాను, అది లేకపోతే తెలుగు కవిత్వమే లేదు. పుట్టుమచ్చను ఆ వారం మొత్తం వేసి ఉంటే నేనూ కృతజ్ఞతతో చదివేదాన్ని. నాలుగు పంక్తులు కోసి, బొమ్మ వేసి, పక్కన రెండు ముక్కల పరిచయం పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. శ్రీశ్రీ కవితలు కాపీ చేసుకున్న కుర్రాళ్లు ఒక్కో కవితను నోటికొచ్చేదాకా చదివారు. వాళ్లు చదివింది మీ పద్ధతిలో కాదు, నా పద్ధతిలో.

ఎడిటరు: వాళ్ల చేతికి అందింది నా పద్ధతిలో, వాళ్లు చదివింది మీ పద్ధతిలో. నెల్లూరు సంగతీ అంతే. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో పెద్దవాళ్లు రాత్రి బడికి వచ్చారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, సారా దుకాణం మూయించిన ఒక ఊరి ఆడవాళ్ల కథ. ఆ జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని చదివారు, తమ ఊళ్లో దుకాణం మూయించారు. అది 1992 నాటికి జిల్లాలు దాటింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ పాఠం వాళ్లు ఏరుకున్నది కాదు. ఎవరో ఆలోచించి, వాళ్ల బతుకును తాకే వర్తమానం ఇదీ అని ఏరి పెట్టారు.

టీచరు: ఎవరో ఏరారు, నిజమే. కానీ వాళ్లు చదివింది ఒక్క కథ. ఊరంతా కలిసి చదివింది. చదివి రాత్రంతా మాట్లాడుకున్నది. ఆ వాచకంలో పక్క పేజీలోనే ఇంకో నాలుగు ఆసక్తికరమైన విషయాలు పెట్టి, ఇది అయిపోయిందిగా అది చూడండి అని ఉంటే దూబగుంట జరిగేదా? ఏరినవాళ్ల తెలివి అందులో ఎంత ఉందో, చదివినవాళ్లు కదలకుండా దాని దగ్గరే కూర్చోవడంలోనూ అంత ఉంది. మీ పాఠకుడు ఒంటరిగా చదువుతాడు, చదివింది ఎవరితోనూ మాట్లాడడు. ఆ లోటు ఎన్ని మంచి వ్యాసాలు ఏరినా తీరదు.

ఎడిటరు: ఆ లోటు నేను ఒక్కడినీ తీర్చలేను, గ్రంథాలయాలు తీర్చాలి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పెట్టినవాళ్లు, 1935లో కొల్లూరు వైపు కాలువలో పడవ మీద పుస్తకాలు పంపినవాళ్లు మనుషులు కలిసి చదివే చోటు కోసమే అంత శ్రమపడ్డారు. మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతున్నాం. పడవ మాత్రం రావడం లేదు. అది వచ్చేదాకా పాఠకుడి దాకా వెళ్లే చిన్న కాగితాన్ని నేను ఆపను.

టీచరు: ఆపవద్దు. అందులో కొన్ని మార్చండి. ఒక విషయం గురించి చెబితే ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఎంతో, ఎన్ని పేజీలో చెప్పండి. పద్యం వేస్తే దాని ముందూ వెనకా ఏముందో చెప్పండి. పక్క మతం గురించి ఆ మతంవాళ్లనే, పండుగ లేని వారంలో, వాళ్లలో వాళ్లకున్న తగాదాలతో సహా రాయనివ్వండి. ఒక పెద్ద రచనను ఏడాది పొడుగునా సాగనివ్వండి.

ఎడిటరు: ఇవన్నీ చేయదగినవే, చేయాలి కూడా. అవి చేశాక కూడా మన మధ్య తేడా మిగిలే ఉంటుంది. ఒక ఆదివారం పేజీ మొత్తం బసవపురాణంలో ఒక్క కథకు ఇచ్చాననుకోండి. ఆ శుక్రవారమే ఎక్కడో ఒక కుర్రవాడిని కులం పేరు మీద చంపారనుకోండి. ఆ కథ పక్కన ఆ వార్త గురించి ఒక్క మాటైనా ఉండాలంటాను నేను. బసవణ్ణ కులాన్ని కాదన్నవాడు, ఆయన కథ వేసి ఈ చావును దాటేయడం నా వల్ల కాదు.

టీచరు: ఉండకూడదంటాను నేను. ఆ వార్త మొదటి పేజీలో, ఉండవలసినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. బసవపురాణం పక్కన మీరు ఆ మాట రాస్తే, పాఠకుడు తనంతట తాను ఆ రెంటినీ కలుపుకునే పని మీరు చేసి పెట్టినట్టవుతుంది. కలుపుకున్నది అతనిదైతే అతనితో ఉంటుంది. మీరు కలిపింది మీ అభిప్రాయంగా మిగులుతుంది.

ఎడిటరు: కలుపుకోకపోతే? ఆ పేజీ చదివి, కళ్లు తుడుచుకుని, సోమవారం మళ్లీ అదే కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చే మనిషి ఉంటే?

టీచరు: ఉంటాడు. మీరు పక్కన రాసినా ఉంటాడు. మీరు రాసిన మాటను ఔనని తల ఊపి, అదే పని చేస్తాడు. అతని మీద ఎక్కువ కాలం పనిచేసేది ఏదన్నదే నా ప్రశ్న.

ఎడిటరు: ఆ కాలం చనిపోయిన కుర్రవాడికి లేదన్నది నా ప్రశ్న.